షిజువోకాలో చూడాలి, అకిహబారాలో కొనాలి: కార్లు, ఓడల మోడల్స్ కట్టేవాళ్లకు జపాన్ యాత్ర

జపాన్‌లో ప్లాస్టిక్ మోడల్స్ అనగానే ముందు వినిపించే పేరు షిజువోకా. తమియా, అవోషిమా, ఫుజిమి కంపెనీలు ఈ ఊరివే. హసెగావా పక్కనున్న యాయిజుది. పేరు విని, ఊరంతా కిట్ల (మోడల్ కట్టుకునే విడి భాగాల పెట్టెల) దుకాణాలే ఉంటాయనుకుని వెళ్తే మాత్రం నిరాశే మిగులుతుంది. అది కిట్లు తయారయ్యే ఊరు. కొనడానికి టోక్యోలోని అకిహబారాయే మేలు. ఈ తేడా ముందే తెలిస్తే రోజులూ డబ్బూ రెండూ మిగులుతాయి.

షిజువోకాకు వెళ్లాల్సిన అసలు సమయం మే నెల. అప్పుడు ట్విన్ మెస్సే హాళ్లలో హాబీ షో జరుగుతుంది. మొదటి రోజులు వ్యాపారులకు, చివరి శని, ఆదివారాలు జనానికి. ఆన్‌లైన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలేమో ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. కంపెనీల స్టాళ్లలో కొత్త కిట్ల నమూనాలు ఉంటాయి, కానీ ఎక్కువ సమయం ఇవ్వాల్సింది పక్కనే జరిగే మోడలర్ల క్లబ్బుల ఉమ్మడి ప్రదర్శనకు. బల్లల మీద వరసగా పెట్టిన పనిని అడుగు దూరం నుంచి చూడొచ్చు. కారు మోడల్ అయితే తలుపు గీత దగ్గర వంగి చూడండి. క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శక పూత) ఎక్కువైతే గీత పూడిపోయి, లోపల వేసిన నల్లరంగు గీతలా కాక మరకలా కనిపిస్తుంది. బాగా కట్టినవాళ్లు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టకముందే స్క్రైబర్ అనే గీతలు చెక్కే పనిముట్టుతో ఆ గీతను లోతు చేసి ఉంటారు.

ఓడల బల్ల దగ్గర తాళ్ల పని చూడాలి. 1/700 స్కేల్‌లో, అంటే అసలు ఓడలో 700వ వంతు సైజులో, 0.1 మి.మీ. దారం కట్టారంటే అసలు ఓడ మీద అది 70 మి.మీ. మోకు. రేడియో తీగకు అంత లావు ఉండదు. అందుకే మంచి పనిలో 0.03 మి.మీ. దారమో, వేడి చేసి సాగదీసిన స్ప్రూ (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) పోగో కనిపిస్తుంది. ఫోటోల్లో ఈ తేడా తెలియదు, కళ్లారా చూస్తేనే తెలుస్తుంది. చేత్తో మాత్రం దేన్నీ ముట్టుకోకూడదు.

మే కాకుండా వేరే నెలల్లో అయితే షిజువోకాకు ఒక్క పూట చాలు. స్టేషన్ దక్షిణ ద్వారం ఎదుటే హాబీ స్క్వేర్ ఉంది. స్థానిక కంపెనీల ఉత్పత్తులు, చరిత్ర చూపించే గది, చిన్న దుకాణం ఉంటాయి. సాధారణంగా సోమవారం సెలవు. తమియా ప్రధాన కార్యాలయం అంటే ఇష్టం ఉన్నవాళ్లు పనిదినాల్లోనే వెళ్లాలి, సందర్శన నియమాలు కంపెనీ సైట్‌లో చూసుకున్నాకే బయల్దేరాలి. 1976లో వచ్చిన 1/12 పోర్షే 934 కోసం అసలు పోర్షే 911 కొని, ముక్కముక్కలుగా విప్పి కొలిచిన కంపెనీ ఇది. ఆ శ్రద్ధ ఎక్కడ పుట్టిందో చూడాలనుకునేవాళ్లకు ప్రయాణం దండగ కాదు. ఊళ్లోనే ఉన్న బందాయ్ హాబీ సెంటర్ పూర్తిగా రోబో మోడల్స్‌ది. కార్లు, ఓడలు కట్టేవాళ్లు వదిలేయొచ్చు.

రైలు సంగతి: షింకన్‌సెన్ బుల్లెట్ రైళ్లలో నొజొమి షిజువోకాలో ఆగదు. ఆగే హికరి అయితే టోక్యో నుంచి గంట, కొదమ అయితే గంటంబావు దాటుతుంది. షో రోజుల్లో స్టేషన్ దగ్గరి గదులు త్వరగా నిండిపోతాయి. దొరక్కపోతే అదే తొకైదో లైను మీద షిమిజు, యాయిజు, ఫుజిఎదా ఉన్నాయి, మూడూ లోకల్ రైలులో సుమారు ఇరవై నిమిషాల లోపే. బిజినెస్ హోటల్లో ఒంటరి గది శుభ్రంగానే ఉంటుంది కానీ సూట్‌కేసు తెరిచి పెడితే కాలు మోపే చోటుండదు. చివరి రాత్రికి మాత్రం రెండు మంచాల గది తీసుకోండి. కిట్లు విప్పి సర్దడానికి రెండో మంచమే బల్ల. షో లేని రోజుల్లో టోక్యోలోనే ఉండి ఉదయం వెళ్లి సాయంత్రం రావడం నయం.

ఇక అకిహబారా. కొత్త కిట్లకు యోదొబాషి అనే పెద్ద దుకాణం, పాతవాటికి రేడియో కైకాన్ భవనంలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ ఉన్న దుకాణాలు. పాత కిట్ పెట్టె తెరిచి చూపిస్తారా అని మర్యాదగా అడగండి. తెరిస్తే ముందు చూడాల్సింది టైర్లు. మెత్తని వినైల్ టైరు ఏళ్ల తరబడి ప్లాస్టిక్‌ను ఆనుకుని ఉంటే, అందులోని మెత్తదనం ఇచ్చే రసాయనం బయటికొచ్చి బాడీనీ అద్దాలనూ తినేస్తుంది. బాడీ మీద పడిన గుంటను పుట్టీతో పూడ్చొచ్చు. అద్దం కరిగితే ఆ కిట్ పక్కన పెట్టేయడమే. డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే బొమ్మలు) పసుపు రంగు తిరిగి ఉంటే భయపడక్కర్లేదు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి కిటికీ అద్దానికి అంటించి కొన్ని రోజులు ఎండ తగలనిస్తే చాలావరకు తెల్లబడతాయి. పగుళ్లు ఉంటే పైన పలుచగా క్లియర్ లాకర్ కొట్టి, అక్కర్లేని ఒక బొమ్మను ముందు నీళ్లలో వేసి పరీక్షించాలి. పాలిక్యాప్‌లు (చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే మెత్తని ప్లాస్టిక్ ముక్కలు) ఉన్నాయో లేవో లెక్కపెట్టండి. చిన్నవి కదా, ముందు పోయేవి అవే.

పెట్టె మీది సంవత్సరం చూసి మోసపోవద్దు. షిజువోకా కంపెనీలు నాలుగూ ఓడలను పంచుకుని 1/700 వాటర్‌లైన్ సిరీస్ (నీటి మట్టానికి పైభాగం మాత్రమే ఉండే ఓడలు) మొదలుపెట్టింది 1971లో. 1992లో ఫుజిమి విడిపోయింది. అప్పటి అచ్చులు కొన్ని కొత్త పెట్టెల్లో ఇప్పటికీ వస్తాయి. అదే ఓడకు కొత్త అచ్చు ఉంటే ధర కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. పాతదాన్ని బాగు చేయడానికి కొనే ఎచింగ్ పార్ట్స్ (పలుచటి లోహపు రేకు భాగాలు) ఖర్చు కలిపితే చివరికి అంతే అవుతుంది. యుద్ధనౌకలు వద్దనుకునేవాళ్లకు అవోషిమా 1/64 చేపల పడవలు ఉన్నాయి. తుప్పు, ఉప్పు మరకలు వేయడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచివి లేవు.

కార్లను మార్చి కట్టేవాళ్లు ఎక్కువసేపు నిలబడేది చక్రాల అరల ముందే. అవోషిమా, ఫుజిమి రెండూ 1/24కు రిమ్ములు, టైర్లు విడిగా అమ్ముతాయి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 1/24లో 18 అంగుళాల రిమ్ 19 మి.మీ. ఉంటుంది, 15 అంగుళాలది 15.9 మి.మీ. 205/50 ఆర్15 (వెడల్పు మి.మీ.లో, గోడ ఎత్తు వెడల్పులో శాతంగా, రిమ్ అంగుళాల్లో) టైరు బయటి వ్యాసం మోడల్‌లో 24.4 మి.మీ. అయితే 225/40 ఆర్18ది 26.5 మి.మీ. రెండు మి.మీ. పెరిగేసరికి ముందు చక్రం ఫెండర్‌కు తగులుతుంది, కారు కిందికి దించే వీలే ఉండదు. 215/35 ఆర్18 అయితే 25.3 మి.మీ.తో సరిపెట్టొచ్చు. అసలు కారులో 30 మి.మీ. దించడమంటే మోడల్‌లో 1.25 మి.మీ. అందుకని వెర్నియర్ కాలిపర్ జేబులో పెట్టుకుని, కట్టబోయే కిట్ చక్రం కొలత రాసుకుని వెళ్లాలి. తమియా ఇరుసుకు వేరే కంపెనీ పాలిక్యాప్ సరిగ్గా పట్టకపోవచ్చు. రంధ్రం వదులైతే సన్నని ఇత్తడి గొట్టం ముక్క తొడగాలి, బిగుతైతే పిన్ వైస్‌తో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్) కొంచెం కొంచెంగా పెద్దది చేయాలి. బలవంతంగా తోస్తే ఇరుసు విరుగుతుంది.

అసలు వాహనాలు చూడ్డానికి రెండు చోట్లు. యోకొహమా యమషిత పార్కు దగ్గర 1930 నాటి హికవ మారు ఓడ లంగరేసి ఉంది. హసెగావా కిట్ కట్టేవాళ్లు పొగగొట్టం మీది రెండు ఎర్ర పట్టీల వెడల్పు, చెక్క డెక్ పలకల దిశ, లైఫ్‌బోటు వేలాడే తీరు దగ్గర్నుంచి ఫోటో తీసుకోవచ్చు. పొడవు 163 మీటర్లు, అంటే 1/700లో 23 సెం.మీ. రెండోది నగొయ దగ్గర నగకుతెలోని టొయోటా ఆటోమొబైల్ మ్యూజియం. అక్కడి టొయోటా 2000జీటీ కారు ముందు భాగం వంపులు ఏ పుస్తకం చూపించినా చాలదు. అడుగు భాగం మాత్రం కనిపించదు, సస్పెన్షన్ ఫోటోల కోసమే అయితే వెళ్లకండి. రెండింటికీ సోమవారం సెలవు.

సర్దడం దగ్గరే చాలామందికి తలప్రాణం తోకకొస్తుంది. లాకర్ రంగులు, స్ప్రే డబ్బాలు, థిన్నర్, పలుచటి సిమెంటు (మోడల్స్ అతికించే జిగురు) మండే సరుకు. వాటిని విమానంలో చేతి సంచిలోనూ పంపరు, చెక్-ఇన్ చేసే సామానులోనూ పంపరు. తమియా అక్రిలిక్‌లో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి అదీ అంతే. రంగు నంబర్లు రాసుకుని ఇంటికొచ్చాక కొనుక్కోవడమే. నిప్పర్లు, కత్తులు, డ్రిల్ బిట్లు చెక్-ఇన్ సామానులో పెట్టాలి. బ్యాటరీ ఎయిర్‌బ్రష్ మాత్రం చేతి సంచిలోనే.

1/350 యమతో యుద్ధనౌక పొడవే 75 సెం.మీ. ఆ పెట్టె మామూలు సూట్‌కేసులో పట్టదు. పోస్టులో పంపాలంటే వివరాలు ముందుగా ఫోన్‌లో నింపి, పోస్టాఫీసులో లేబుల్ ప్రింట్ చేయించాలి, చేతిరాతది తీసుకోరు. చిన్న కిట్లయితే పెట్టె మూలలు విప్పి చదును చేసి, స్ప్రూలను బట్టల మధ్య పెట్టండి. బాడీ షెల్‌లో సాక్సులు కుక్కితే పైకప్పు స్తంభాలు విరగవు. డెకాల్స్‌ను రెండు అట్టల మధ్య, అద్దాలను విడిగా మెత్తని కాగితంలో. మూడు కొలతలు కలిపి 160 సెం.మీ. దాటిన సామాను ఉంటే తొకైదో షింకన్‌సెన్‌లో దానికి చోటున్న సీటు ముందే రిజర్వు చేసుకోవాలి.

పన్ను మినహాయింపుకు ఒకే దుకాణంలో ఒకే రోజు కనీసం 5,000 యెన్లకు కొనాలి, పాస్‌పోర్టు చూపాలి. 2026 నవంబరు 1 నుంచి పద్ధతి మారుతుంది: ముందు పన్నుతో సహా కట్టి, విమానాశ్రయంలో సరుకు చూపాక తిరిగి తీసుకోవాలి. అప్పుడు వెళ్లేవాళ్లు కిట్లను సూట్‌కేసు అడుగున కాకుండా పైన సర్దుకోండి.