అలిపిరి మెట్లా, శ్రీవారి మెట్టా: దూరపు నడక సాధనకు ఏది మేలు?

సేవా పనులకు నిధులు సేకరించేందుకు 30, 40 కిలోమీటర్లు నడవడానికి సిద్ధపడే తిరుపతి వాసులకు సాధనకు రెండు కొండదారులు అందుబాటులో ఉన్నాయి. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి 2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, 2,388 మెట్లు.

శ్రీవారి మెట్టు ఊపిరికి, తొడలకు గట్టి పరీక్ష పెడుతుంది. పనికి వెళ్ళేలోపు ముగించుకోవచ్చు. అయితే దూరపు నడకలో దెబ్బతీసేది ఆయాసం కాదు, గంటల తరబడి ఒకే తీరుగా పడే అడుగు. అందుకు అలిపిరి దారే నా ఎంపిక. గాలిగోపురం దాకా ఎక్కి, తర్వాత చాలామేర చదునుగా సాగే దారిలో వేగాన్ని నిలకడగా పట్టుకుని, కాళ్ళు అలిసిన వేళ దారి చివర్లో నిటారుగా ఉండే మోకాళ్ళ మెట్టును ఎదుర్కోవడం అసలు నడక చివరి గంటలకు దగ్గరగా ఉంటుంది. మొదటిసారి గాలిగోపురం చేరేసరికే నా మడమ దగ్గర మేజోడు ముడతపడి బొబ్బ లేచింది; అది సాధనలోనే తెలియడం ఎంతో మేలైంది.

మొక్కు తీర్చుకోవడానికి ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమలు అద్దుతూ ఎక్కేవారికి దారి విడిచి పక్కగా నడవాలి. తడి పసుపు మీద కాలు జారుతుంది కూడా. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ఏ దారిన ఎక్కినా, దిగడానికి మాత్రం బస్సు ఎక్కడమే మంచిది.