చెవి తమ్మెలు కుట్టించుకుని ఆరేళ్లు: కుడి చెవికి పూర్తి మార్కులు, ఎడమది వేరే కథ

చెవులు కుట్టించడం అంటే మనకి కన్నాలు పెట్టించడమే. నేను 47 ఏళ్ల వయసులో, ఉన్న కన్నాలు మూయించుకోవడానికి కుట్టించుకున్నాను, 2019 జనవరిలో. పెళ్లినాటి జూకాలు మోసి మోసి రెండు తమ్మెలూ ఎప్పుడో సాగిపోయాయి. ముందటి అక్టోబరులో విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను చూద్దామని మూడులాంతర్ల దగ్గర జనంలో నిలబడితే, ఎవరి కొంగో జూకాకి తగులుకుని ఎడమ తమ్మె అడుగంటా చీలింది. జూకా మాత్రం దొరికింది, పైడితల్లి దయ.

మా అమ్మ ఒక్కటే మాట అంది: "చెవులు వినబడతన్నాయి కదే, ఇంకేటి కావాలి నీకు?" ఆవిడ తమ్మెలు రెండూ తెగి ముప్ఫై ఏళ్లు. ఏనాడూ పట్టించుకోలేదు. నాకు అలా కుదరలేదు. బడిలో బోర్డు వైపు తిరిగితే పిల్లలు నా చెవే చూస్తున్నట్టు ఉండేది. జుట్టు చెవుల మీదికి దించి దువ్వుకునేదాన్ని.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేది లేదు. విశాఖలో ప్లాస్టిక్ సర్జన్ చేశారు. మత్తు సూది చెవికి మాత్రమే. గంటలో పని అయిపోయింది, మధ్యాహ్నం బస్సుకి ఇంటికొచ్చేశాను. వారానికి కుట్లు విప్పారు. జిగురు పెట్టి అంటించలేరా అని నేను అడిగితే ఆయన నవ్వలేదు, ఓపిగ్గా చెప్పారు. చీలిక లోపలి అంచులకి అప్పటికే చర్మం కట్టేస్తుందట, చర్మం చర్మానికి అతుక్కోదట. అందుకే ఆ అంచుల్ని సన్నగా కోసి, పచ్చిగా చేసి అప్పుడు కుడతారు. మానిన మచ్చకి పాత చర్మం బలంలో 80 శాతం మించి రాదనీ, బరువులు తగ్గించమనీ అప్పుడే చెప్పారు.

మచ్చ వెంట్రుకంత సన్నగా మానింది. జడ వెనక్కి లాగి వేసుకుని బడికెళ్లిన రోజు ఎంత సంబరపడ్డానో! స్టాఫ్ రూములో ఇద్దరు నా మాట విని వెళ్లి చేయించుకున్నారు కూడా. నా మాటకి ఇంకో సగం ఉందని అప్పటికి నాకూ తెలీదు.

ఆ సగం కొత్త కన్నాలది. మూడు నెలలు దాటాక, కుట్టు గీతకి పక్కగా పెట్టించుకోమన్నారు. నాలుగు నెలలు ఆగాను. మళ్లీ విశాఖ ఎందుకులే అని ఊళ్లోనే ఒక దుకాణంలో గన్‌తో కొట్టించేశాను. కుడిది బాగానే కుదిరింది. ఎడమది దాదాపు గీత మీదే పడింది. రెండు నెలలకి కన్నం వెనక మినపగింజంత గట్టిగా తగిలింది. దసరాకి శనగగింజంత అయింది. రాత్రిళ్లు ఒకటే దురద. సంక్రాంతికి రేగుపండంత అయి, నిగనిగలాడుతూ వేలాడింది. పోగు తీసేసినా ఆగలేదు.

మళ్లీ ఆ సర్జన్ దగ్గరికే వెళ్లాను. కెలాయిడ్ అన్నారు, అంటే గాయం మానాక మచ్చ ఆగకుండా గడ్డలా పెరిగిపోవడం. కోసేయండి అంటే, ఊరికే కోస్తే ఇంకా పెద్దదై వచ్చే ప్రమాదం ఉందన్నారు. నెలకొకటి చొప్పున అయిదు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. ఆ గట్టి కండలోకి సూది దిగడం ఉందే, దాని ముందు ఆపరేషన్ ఆటలాగే ఉంది.

మూడో ఇంజెక్షన్ రోజున నా జబ్బ మీది టీకా మచ్చ ఆయన కంట పడింది. చింతగింజలా ఉబ్బి, నున్నగా మెరుస్తుంటుంది. "ఇది ఎప్పట్నుంచి ఇలా ఉందమ్మా?" అన్నారు. చిన్నప్పట్నుంచీ అన్నాను. ఆపరేషన్‌కి ముందు ఆయన అడిగిన మాట వాస్తవం: ఒంటి మీద గాయాలు మానాక ఎత్తుగా లేస్తాయా అని. లేదన్నాను. అమ్మకీ నాకూ టీకా మచ్చ ఒకేలా ఉంటుంది, అందరిదీ అంతే అనుకున్నాను. సగం తప్పు నాదే. జాకెట్టు చెయ్యి పైకి లాగి చూడకపోవడం ఆయనది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఇప్పుడు గడ్డ దాదాపు అణిగింది, తడిమితే మాత్రం గట్టిగా తెలుస్తుంది. ఎడమకి మళ్లీ కన్నం పెట్టించే ధైర్యం లేదు, క్లిప్ దుద్దుతో సరిపెడుతున్నాను. జూకాలు బీరువాలోనే. ఆ బరువుని జుట్టుకి అప్పజెప్పే మాటీలు కూడా వాటి పక్కనే ఉన్నాయి, పెళ్లిరోజు తప్ప ఎన్నడూ పెట్టుకోలేదు.

మళ్లీ చేయించుకుంటానా? తమ్మె కుట్టు వరకూ అయితే ఔననే అంటాను. జీతం ఉంది, నలుగురిలో తిరిగే ఉద్యోగం, జడ బిగించి వేసుకోవాలన్న సరదా తీరింది. ఇవేవీ లేకపోతే ఏమనేదాన్నో. అమ్మకి మాత్రం నా గడ్డ చూశాక తన మాటే నెగ్గిందని నమ్మకం.

మొన్న మా బడికి కొత్తగా వచ్చిన టీచరు సాగిన తమ్మె చూపించి, ఎక్కడ చేయించుకున్నారండీ అని అడిగింది. ముందు నీ టీకా మచ్చ చూపించమన్నాను. నున్నగా, పల్లంగా ఉంది. డాక్టరు నంబరు ఇచ్చాను గానీ, కన్నాలు కూడా ఆయన దగ్గరే పెట్టించుకోమని రెండుసార్లు చెప్పాను.