అల్యూమినియం వెల్డింగ్‌లో వైబ్రేషన్ టేబుల్: చాలాకాలం వాడాక తేలినవి

వెల్డ్ చేస్తుండగా జాబ్‌ను, అంటే వెల్డ్ చేసే ముక్కను, ఊపే వైబ్రేషన్ సెటప్ కొనే ముందు మీ టెన్సైల్ ముక్క (బలం తెలుసుకోవడానికి లాగి తెంపే నమూనా) ఎక్కడ తెగుతోందో చూడండి. బీడ్‌లోనే, అంటే కరిగి గడ్డకట్టిన వెల్డ్ గీతలోనే తెగుతుంటే ఇది పనికొస్తుంది. బీడ్ పక్కన వేడికి మెత్తబడిన పట్టీలో తెగుతుంటే ఎంత ఊపినా బలం పెరగదు. 6061-టీ6 (హీట్ ట్రీట్‌మెంట్ చేసిన అల్యూమినియం మిశ్రమం) ప్లేటు బలం సుమారు 310 మెగాపాస్కల్స్. 4043 రాడ్‌తో (సిలికాన్ కలిసిన అల్యూమినియం ఫిల్లర్) వెల్డ్ చేశాక జాయింటు 165-185 దగ్గరికి దిగుతుంది. ఆ పట్టీలో బలాన్నిచ్చే మెగ్నీషియం-సిలికాన్ కణాలు వేడికి ముదిరిపోవడమే కారణం. పోయిన ఆ బలం హీట్ ట్రీట్‌మెంట్‌తోనే తిరిగొస్తుంది. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు, అందుకే ముందుగా రాస్తున్నాం.

బీడ్ లోపల మాత్రం తేడా నిజమే. కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు గ్రెయిన్లు (లోహపు స్ఫటికాలు) అంచుల నుంచి మధ్యకు కొమ్మల్లా పెరుగుతాయి. ఊపుకు ఆ కొనలు విరిగి, ఒక్కో తునక కొత్త గ్రెయిన్‌కు విత్తనమవుతుంది. పొడవాటి గ్రెయిన్ల చోట చిన్నవి, గుండ్రటివి వస్తాయి, నడిమి గీత వెంట వచ్చే వేడి పగుళ్లు తగ్గుతాయి. బుడగలు కూడా కొంత తేలిపోతాయి. అల్యూమినియం గడ్డకట్టేటప్పుడు హైడ్రోజన్‌ను ఇముడ్చుకునే శక్తి దాదాపు 20 రెట్లు పడిపోతుంది కాబట్టి ఇది చిన్న లాభం కాదు. అలాగని శుభ్రం చేయడం మానకూడదు: ముందు అసిటోన్‌తో తుడిచి, తర్వాతే స్టెయిన్‌లెస్ బ్రష్. వరస తిరగబడితే బ్రష్ జిడ్డును లోహంలోకి రుద్దేస్తుంది, అప్పుడు వచ్చే బుడగల్ని ఏ మోటారూ తీయలేదు.

మా సెటప్‌లో రబ్బరు దిమ్మెల మీద ఉక్కు టేబుల్, దానికి బిగించిన ఎక్సెంట్రిక్ మోటారు (ఒక పక్క బరువుండి తిరిగేటప్పుడు ఊపేది), మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ, ఊపు తీవ్రత కొలిచే యాక్సెలరోమీటర్ ఉన్నాయి. 6 మి.మీ. ప్లేటుకు ఏసీ టిగ్ (టంగ్‌స్టన్ మొనతో, ఆర్గాన్ గ్యాస్ రక్షణలో చేసే వెల్డింగ్) 200 యాంప్స్ అటూఇటూగా, ఆర్గాన్ నిమిషానికి 10-12 లీటర్లు.

అసలు పనంతా సెట్టింగ్‌లోనే. జాబ్ బిగించి, వేగం మెల్లగా పెంచుతూ మీటర్ చూడాలి. ఒకచోట రీడింగ్ ఒక్కసారిగా ఎగుస్తుంది, అది రెసొనెన్స్, అంటే టేబుల్ తన సహజ వేగంతో కలిసి అన్నిటికన్నా ఎక్కువగా ఊగే చోటు. అక్కడ ఆగకుండా వేగం తగ్గిస్తూ వెనక్కి వచ్చి, ఆ శిఖరంలో మూడో వంతు ఎత్తు దగ్గర నిలపాలి. జాబ్ మారితే బరువు మారుతుంది, రెసొనెన్స్ వచ్చే వేగం కూడా మారుతుంది కాబట్టి ప్రతిసారీ మళ్లీ వెతకాల్సిందే. విసుగనిపించినా తప్పదు. 50 హెర్ట్జ్ దగ్గర మధ్య నుంచి ఒక్కో వైపుకు 0.1 మి.మీ. ఊపు అంటే 1 జీ (భూమ్యాకర్షణ త్వరణమంత). అదే ఊపు 100 హెర్ట్జ్‌లో 4 జీ అవుతుంది. చేత్తో చేసే టిగ్‌కు మేం 1 జీ దాటనివ్వం. దాటితే కరిగిన లోహపు గుంట చిందుతుంది, టంగ్‌స్టన్ మొన దానికి అంటుకుంటుంది, అంచుల్లో అండర్‌కట్ (బీడ్ పక్కన పడే గాడి) వస్తుంది.

జాబ్ కొలతల్లోనే ఉన్న పాత ప్లేటు బిగించి దాని మీద పొడి ఇసుక చల్లి చూడండి. ఇసుక పోగయ్యే గీతలు కదలని చోట్లు. వెల్డ్ గీత అక్కడ పడితే ఊపు అందనట్టే, మోటారు చోటు మార్చాలి.

ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి టాక్‌లు, అంటే అసలు వెల్డ్‌కు ముందు ముక్కల్ని పట్టి ఉంచే చిన్న వెల్డ్‌లు. మోటారు ఆపి వేయాలి, 20-25 మి.మీ. పొడవుండాలి, దగ్గరదగ్గరగా ఉండాలి. చిన్న చుక్కలు ఊపుకు పగిలి, ఆ పగులు బీడ్ కింద దాక్కుంటుంది. జీ-క్లాంపులు వదులవుతాయి, స్ప్రింగ్ వాషర్ బోల్టులు మేలు. ఎర్త్ క్లాంపు నేరుగా జాబ్‌కే పెట్టాలి, లేకపోతే కరెంటు మోటారు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. ఆర్క్ వెలిగించే హై-ఫ్రీక్వెన్సీ స్టార్ట్‌కు సెన్సర్ రీడింగ్ పిచ్చిగా మారుతుంది, షీల్డ్ కేబుల్ వాడండి. మోచేయి మాత్రం టేబుల్ మీద ఆనించొద్దు, విడి స్టాండ్ ఉండాలి.

ఆర్క్‌కు ముందే మోటారు నడవాలి, క్రేటర్ (బీడ్ చివర మిగిలే గుంట) పూర్తిగా గడ్డకట్టేదాకా ఆగకూడదు. తర్వాత నడిపినా గ్రెయిన్‌కు ఒరిగేదేమీ లేదు.

5356 రాడ్‌తో (మెగ్నీషియం కలిసిన ఫిల్లర్) తేడా తక్కువగా కనిపించింది. అందులో గ్రెయిన్‌ను సన్నబరిచే టైటానియం ముందే ఉంటుంది. 4043తోనే ఫలితం బాగా తెలిసింది. మీరూ పోల్చాలంటే ఒకే ప్లేటు, ఒకే కరెంటుతో మోటారు ఆపి ఒకటి, నడిపి ఒకటి వెల్డ్ చేయండి. అడ్డంగా కోసి నునుపు చేసి 10 శాతం వేడి కాస్టిక్ సోడాలో ముంచి, నల్లపొరను నైట్రిక్ ఆసిడ్‌తో తీస్తే గ్రెయిన్ కంటికే కనిపిస్తుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.