పోలీసు, ఫైర్ సిబ్బందికి సమ్మె హక్కా, నిషేధమా, మధ్యవర్తి తీర్పా: ఏది మేలు?

2022 ఫిబ్రవరి 3న, ‘చలో విజయవాడ’ నాడు, బీఆర్‌టీఎస్ రోడ్డు నిండా ఉద్యోగులూ టీచర్లూ. అడ్డుగా కానిస్టేబుళ్ళు. గొడవేమో ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు సవరించే 11వ పీఆర్సీ గురించి. ఆపుతున్నవాళ్ళ జీతం తేలేదీ అదే పీఆర్సీలో. తేడా అల్లా ఒకరికి నినాదమిచ్చే వీలుంది, రెండోవారికి లేదు.

మా బావ కానిస్టేబులు. అందుకేనేమో, ‘వాళ్ళకీ సమ్మె హక్కు ఇవ్వాలంటావా?’ అని నన్ను తరచూ అడుగుతుంటారు.

ముందు ఇప్పుడున్న నిషేధం సంగతి. పోలీసులకు 1966 నాటి హక్కుల పరిమితి చట్టం, మిగతా ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళి, అవసరమైతే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా. సమ్మె ప్రాథమిక హక్కు కాదని 2003లో సుప్రీంకోర్టు కూడా చెప్పేసింది. దీన్ని తీసిపారేయలేం. రాత్రి రెండింటికి 101కి ఫోన్ చేస్తే బండి వస్తుందన్న ధీమా ఊరికి ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచాక సింగ్‌నగర్ ఇళ్ళల్లో పేరుకున్న బురద కడిగింది ఫైరింజన్లే.

సమ్మె హక్కు ఇస్తే? 1969 అక్టోబరులో మాంట్రియల్ పోలీసులు ఒక్కరోజు విధులు మానేస్తే బ్యాంకులు దోచుకున్నారు, దుకాణాల అద్దాలు పగలగొట్టారు. బ్రిటన్ ఫైర్ సిబ్బంది మాత్రం 1977లో తొమ్మిది వారాలు సమ్మె చేశారు. సైన్యం పాత బండ్లతో నెట్టుకొచ్చింది. అంటే ఏర్పాటుంటే పోలీసుకన్నా ఫైర్ సమ్మెను కాస్త తట్టుకోవచ్చు. కానీ మిల్లులో సమ్మె జరిగితే నష్టం ఓనరుది. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీకి నిప్పంటుకున్న రోజున ఫైర్ స్టేషన్ మూసి ఉంటే కాలేది రైతు మిర్చి బస్తాలు. జీతం పెంచాల్సిన ప్రభుత్వానికి చురుకు తగలదు. అందుకే ఈ దారి నాకు రుచించదు.

అలాగని నిషేధం దగ్గరే ఆగిపోదామంటే అసలు చిక్కు అక్కడే ఉంది. నా లెక్కలో తేల్చేది గడువు. 11వ పీఆర్సీ 2018 జూలై 1 నుంచి రావాలి. జీవోలు వచ్చింది 2022 జనవరి 17న. మూడున్నరేళ్ళు! అదీ 23 శాతం ఫిట్‌మెంట్‌తో, అంటే మూల వేతనం మీద పెంపుతో. కొత్త జీతం తేలేదాకా ఇచ్చే మధ్యంతర భృతే అప్పటికి 27 శాతం తీసుకుంటున్నారు. సమ్మె చేయనివ్వనప్పుడు ఎప్పటిలోగా తేలుస్తారో కూడా చెప్పకపోతే ఎలా? వీక్లీ ఆఫ్ మాటెత్తితే మా అక్క నవ్వి ఊరుకుంటుంది.

అందుకే నేను మూడోదానివైపు మొగ్గుతాను: సమ్మె ఉండదు, కానీ చర్చలు తెగకపోతే మధ్యవర్తుల తీర్పుకి ప్రభుత్వం, సిబ్బంది ఇద్దరూ కట్టుబడాలి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం 1968లోనే పోలీసు, ఫైర్ సిబ్బందికి ఈ చట్టం చేసింది. చెరొక మనిషి, మధ్యలో తటస్థుడు. ఆ మూడో మనిషిని నియమించిన 30 రోజుల్లో తీర్పు రావాలి. అక్కడిది ఇక్కడ కుదరదనేవాళ్ళకి ఒక మాట: మన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు జీతం, వారపు పని గంటలు, సెలవుల మీద నిర్బంధ మధ్యవర్తిత్వం 1966 నుంచీ ఉంది. రాష్ట్రంలో పోలీసు, ఫైర్ సిబ్బందికి అలాంటిది పెట్టి, దానికి గడువు కలపమనే నేననేది.

నల్లబ్యాడ్జీలు, భోజన విరామ నిరసనలు కూడా ఉన్నాయి. ఫొటోలకు బాగుంటాయి. 108 వాళ్ళది వేరే కథ. ఏజెన్సీ కింద పనిచేసేవాళ్ళకి ముందు యజమాని ఎవరో తేలాలి.

ఖజానా సంగతి బయటివాళ్ళు తేల్చడమేంటని ఆర్థిక శాఖ అడుగుతుంది, అడగాలి కూడా. కేంద్రం పద్ధతిలో తీర్పును మార్చే అధికారం పార్లమెంటుకు ఉంచారు. ఇక్కడ అసెంబ్లీకి ఉంచినా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఎందుకు మారుస్తున్నారో సభలో చెప్పి మార్చాలి, అదీ గడువు దాటకుండా.