పన్నెండు బోరు తుపాకికి స్నాప్ క్యాప్‌లు: మూడు జతలు వాడిన మీదట

2024 ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమల్లోకి రాగానే, తక్కిన లైసెన్సుదారులతో పాటు నేను కూడా మా నాన్నగారి కాలం నాటి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకిని డిపాజిట్ చేయడానికి పోలీస్ స్టేషన్‌కు తీసుకువెళ్లాను. ఖాళీగా ఉందని చూపించడానికి బ్యారెళ్లను వంచి తెరవగానే తూటాలు కూర్చునే రెండు చాంబర్లలోనూ ఇత్తడి అడుగు భాగాలు కనిపించాయి. "తూటాలు పెట్టుకొని వచ్చారేంటండీ!" అంటూ హెడ్ కానిస్టేబుల్ గారు ఒక అడుగు వెనక్కి వేశారు. అవి స్నాప్ క్యాప్‌లనే మందు లేని డమ్మీలని నేను చెప్పాను కానీ, తీసి చూపించబోతే బయటికి రాలేదు. తూటా అంచును పట్టి పైకెత్తే ఎక్స్‌ట్రాక్టర్ రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేపి, అంచు మీద నుంచి జారిపోయింది. ఎడమది గోటితో వచ్చింది. కుడిదానిని బ్యారెల్ మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో నెట్టవలసి వచ్చింది. బయటపడిన క్యాప్ చుట్టూ పచ్చని చిలుము, చాంబర్ లోపల ఉంగరం ఆకారంలో సన్నని తుప్పు గీత కనిపించాయి. అంతకు ముందు డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చిన వారం తుపాకి తుడిచి, స్ప్రింగులకు మంచిదనుకొని ఆ క్యాప్‌లు పెట్టి, తోలు సంచిలో కట్టేసి మరిచిపోయినవాణ్ణి నేనే. తప్పు క్యాప్‌లది కాదు, పూర్తిగా నాదే.

ఆనాటి నుంచి ఈ చిన్న వస్తువు గురించి కొంత శ్రద్ధగా తెలుసుకున్నాను, మూడు రకాలు వాడాను. స్నాప్ క్యాప్ అంటే తూటా కొలతలతో చేసిన డమ్మీ. తూటా అడుగున మందును అంటించే ప్రైమర్ ఉండే చోట రబ్బరో, స్ప్రింగు మీద కూర్చున్న చిన్న గుండీయో ఉండి ప్రైమర్‌ను పొడిచే ఫైరింగ్ పిన్ దెబ్బను తీసుకుంటుంది. మా తుపాకి లాంటి బాక్స్‌లాక్‌ను, అంటే కాల్చే యంత్రాంగం లోపలే దాగి ఉండే తుపాకిని, తెరిచిన ప్రతిసారీ లోపలి గుర్రాలు (పిన్‌తో దెబ్బ కొట్టించే సుత్తులు) ఎక్కుతాయి. వాటిని దింపాలంటే ట్రిగ్గర్ నొక్కాలి. ఖాళీ చాంబర్ మీద నొక్కితే పిన్‌కు ఎదురుగా ఆనే మెత్తనిది ఏదీ ఉండదు కనుక, పాత తుపాకుల్లో పిన్ కొన విరగడమో, పిన్ రంధ్రం అంచు చెదరడమో జరగవచ్చు.

మొదటి జత ఇత్తడివి. చేతికి నిజమైన తూటా బరువు తెలుస్తుంది, చూడడానికి ముచ్చటగా ఉంటాయి, లోపలి స్ప్రింగు ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మాత్రం వాటిని తుపాకిలో ఉంచి నిల్వ చేయకూడదు. రెండవ జత ఎర్రని పారదర్శక ప్లాస్టిక్‌వి, ధర అన్నిటికంటే తక్కువ. తూటా కాదని దూరం నుంచే తెలుస్తుంది, ఇంట్లో ఎవరికైనా చూపించి నేర్పడానికి అది మంచి గుణమే. అయితే కొన్ని వారాల్లోనే ఎక్స్‌ట్రాక్టర్ తగిలే చోట అంచు నలిగి, చిన్న పొట్టు లేచింది. ఆ పొట్టు చాంబర్‌లో రాలితే కొత్త చిక్కు మొదలవుతుంది, కనుక ఆ జతను పక్కన పెట్టేశాను. మూడవది అల్యూమినియం ముద్దను లేత్ మీద చెక్కి, పైన గట్టి పూత వేసిన జత. చిలుము పట్టదు, అంచు చెదరలేదు, కొలత కచ్చితంగా ఉంది. ప్రైమర్ స్థానంలోని మెత్తలో పిన్ గుర్తు సన్నని గుంటలా పడింది తప్ప వేరే లోపం నాకు కనిపించలేదు. మళ్ళీ కొనవలసి వస్తే ఇదే కొంటాను.

స్ప్రింగులకు విశ్రాంతి ఇవ్వాలన్న మాట దగ్గర నాకు కొంచెం అనుమానం ఉంది. మంచి ఉక్కుతో చేసిన స్ప్రింగు నొక్కి ఉంచినంత మాత్రాన త్వరగా సడలిపోదు. పైగా గుర్రం దిగిన తరువాత కూడా చాలా తుపాకుల్లో ఆ స్ప్రింగు కొంత బిగువులోనే ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కే తీరు అభ్యాసం చేయడానికి, సర్వీసింగ్ తరువాత రెండు ట్రిగ్గర్లనూ పరీక్షించడానికి ఇవి నిస్సందేహంగా అవసరమే. కానీ నాకు వీటి వల్ల కలిగిన అసలు ప్రయోజనం, తూటాలు ఎందుకు అతుక్కుంటున్నాయో కనిపెట్టడం.

షూటింగ్ రేంజ్‌లో పాతిక తూటాలు కాల్చేసరికి చివరి ఏడెనిమిది ఖాళీ షెల్‌లు (కాలిన తూటాల తొడుగులు) వేళ్లకు రాకుండా మొండికేయడం మాకు పాత సమస్య. బ్యారెళ్లను విడదీసి, నిలువుగా పట్టుకొని అల్యూమినియం క్యాప్‌ను చాంబర్‌లో వదిలి చూశాను. ఎడమ వైపు అది తన బరువుకే దిగి టక్కున అంచు దగ్గర ఆగింది, తిరగేయగానే జారి చేతిలో పడింది. కుడి వైపు చివరి వేలెడు దూరంలో నెమ్మదించి ఆగిపోయింది. తూటా కాలినప్పుడు ఉబ్బుతుంది కానీ స్నాప్ క్యాప్ ఉబ్బదు. కనుక అదే ఆగిందంటే చాంబర్‌లో మకిలో, తుప్పో, గరుకో ఉన్నట్టే. క్యాప్ సాఫీగా జారి, కాల్చిన షెల్ మాత్రమే పట్టుకుంటే తూటా వైపు చూడాలి. అందుకు ఫ్రిజ్ మీది అయస్కాంతం చాలు. అడుగు భాగం ఇత్తడి రంగులో ఉన్నా అయస్కాంతం అంటుకుందంటే అది ఇత్తడి పూత వేసిన ఉక్కు. ఇత్తడి ఉబ్బిన తరువాత కొంత వెనక్కి కుదించుకుంటుంది, ఉక్కు అంతగా కుదించుకోదు. నా దగ్గర ఉన్న ఒక పెట్టె అలాంటిదే. తేమకు ఉబ్బిన పాత కాగితం తూటాలదైతే వేరే కథ, అవి కాల్చకముందే లోపలికి వెళ్లవు, వాటిని బలవంతంగా తోయకూడదు.

కుడి చాంబర్‌కు ద్రావకం రాసి పది నిమిషాలు వదిలి, చాంబర్ కోసమే చేసిన లావు బ్రాంజ్ బ్రష్‌తో తిప్పితే, ప్లాస్టిక్ షెల్‌ల నుంచి పేరుకున్న నల్లని మడ్డి గుడ్డకు అంటుకుంది. బ్యారెల్ లోపల తుడిచే మామూలు బోరు బ్రష్ ఇక్కడ సరిపోదు. పన్నెండు బోరు లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లయితే చాంబర్ వెనుక భాగం 20 మిల్లీమీటర్లు దాటుతుంది కనుక, మామూలు బ్రష్ గోడలను తాకీ తాకనట్టు పోతుంది. మిగిలిన తుప్పు గీతను నాలుగు సున్నాల (0000, చాలా సన్నని రకం) స్టీల్ ఊల్‌తో, నూనె వేసి, చేత్తోనే తేలికగా తీశాను. గుంటలు పడి ఉంటే మాత్రం లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ చేత పాలిష్ చేయించుకోవాలి, గరుకు కాగితం ముట్టుకోకూడదు. అంతా అయ్యాక చాంబర్‌ను పొడిగా తుడిచాను.

పాత తుపాకులు ఉన్నవారు బ్యారెళ్ల అడుగున చాంబర్ పొడవు ముద్ర కూడా చూసుకోవాలి. తూటా మీద వేసే 65, 70 మిల్లీమీటర్ల అంకెలు కాలిన తరువాత మూతి విచ్చుకున్న పొడవును చెబుతాయి. అందువల్ల 70 తూటా 65 చాంబర్‌లోకి హాయిగా వెళ్లిపోతుంది, కాల్చినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. స్నాప్ క్యాప్ ఈ తేడాను పట్టించలేదు. ఇంకొక మాట: పేలని తూటా ఇరుక్కుంటే, నేను క్యాప్‌ను నెట్టినట్టు రాడ్‌తో నెట్టకూడదు. బ్యారెల్ మూతిని నిర్మానుష్యమైన వైపు తిప్పి ఉంచి గన్‌స్మిత్ సాయం తీసుకోవాలి.

శుభ్రం చేసిన తరువాత రేంజ్‌లో ఇత్తడి అడుగు ఉన్న తూటాలు పాతిక కాల్చాను. కుడి వైపు ఒక్క షెల్‌కే గోరు వాడవలసి వచ్చింది. అల్యూమినియం జత ఇప్పుడు తూటాల బీరువాకు దూరంగా, వేరే గదిలో పాత హార్లిక్స్ సీసాలో ఉంటుంది. నాన్నగారు ముచ్చటపడి కొన్న ఇత్తడి జతను చింతపండుతో తోమి షోకేసులో పెట్టాను.