పనషే చారల అంజూర: ఎనిమిదేళ్ల సాగు తరువాత నా సమీక్ష

కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో, మా పెరటి దక్షిణపు గోడ పక్కన పనషే రకం అంజూర మొక్క నాటి ఎనిమిదేళ్లయింది. నర్సరీలలో దీనిని టైగర్ ఫిగ్ అని కూడా అమ్ముతారు. లేత పసుపు తొక్క మీద నిలువుగా సాగే ఆకుపచ్చ చారలు కాయలకే కాక లేత కొమ్మలకూ ఉంటాయి కనుక, చెట్టు కాపుకు రాకముందే రకాన్ని గుర్తించవచ్చు. ఆ చారల అందం చూసే నేను కొన్నాను. ఇన్నేళ్లుగా శ్రద్ధగా కాపాడుకుంటున్నది మాత్రం రుచి కోసం.

కాపు మొదలైన ఏడాది, చారలు మెరుస్తున్నప్పుడే కోసి, చప్పగా ఉన్నాయని నిరాశపడ్డాను. అంజూర కాయ మొదట త్వరగా పెరిగి, ఆపై కొన్ని వారాలపాటు ఏ మార్పూ లేనట్టు నిలిచిపోయి, చివరి కొద్ది రోజుల్లోనే ఉబ్బి మెత్తబడి తీపి పట్టుకుంటుంది; ఆ చివరి రోజులకు ముందు కోస్తే తరువాత ఇంట్లో మాగి తియ్యబడదు. పనషేలో ఆకుపచ్చ చారలు వెలిసి పసుపులో కలిసిపోవడం, మెడ వంగి పండు కిందికి వేలాడడం, వేలితో తాకితే మెత్తగా తగలడం, ఈ మూడూ కలిసినప్పుడే కోయాలి. అనంతపురం జిల్లాలో అంజూర తోటల మధ్య పెరిగిన మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, తొడిమ తెగినచోట పాలు కారినంతకాలం అది కాయేనని ఒక్క మాటలో తేల్చేసింది. ఆ పాలు చర్మానికి తగిలితే దురద పెడుతుంది కూడా.

సరిగా పండినదాన్ని కోస్తే లోపల ముదురు ఎరుపు గుజ్జు, చిక్కటి స్ట్రాబెర్రీ జామ్‌ను తలపించే రుచి. మా పెరట్లోనే ఉన్న బ్లాక్ మిషన్ అనే మరో అంజూర రకం కన్నా పండు చిన్నది, కానీ తీపిలో కొద్దిపాటి పులుపు కలిసి ఉండడం వల్ల నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. మేడిపండును తలచుకుని లోపల పురుగులుంటాయేమోనని అతిథులు అడుగుతుంటారు. మా లోయలో పండే కాలిమిర్నా అనే అంజూర రకానికి, కాయలోకి దూరే చిన్న కందిరీగ మోసుకొచ్చే పుప్పొడి తప్పనిసరి. 1899లో ఆ కందిరీగను ఫ్రెస్నో ప్రాంతంలో స్థిరపరచిన తరువాతే ఆ పంటకు దారి దొరికింది. పనషేకు ఆ అవసరం లేదు, పరాగసంపర్కం లేకుండానే పండుతుంది. పైగా కాయ అడుగున ఉండే కన్ను చిన్నదిగా, బిగువుగా ఉంటుంది కాబట్టి చీమలు దూరడం, లోపల పులిసిపోవడం మా చెట్టులో తక్కువే.

ఆలస్యమే దీని పెద్ద లోపం. బ్లాక్ మిషన్ పాత కొమ్మల మీద జూన్‌లో ఒక కాపు, వేసవి చివర మరొకటి ఇస్తే, పనషే కొత్త కొమ్మల మీద దాదాపు ఒకే కాపు కాస్తుంది. మా పెరట్లో సెప్టెంబరు మధ్యకు గాని తొలి పండు అందదు. నవంబరు చలికి కొమ్మ చివర్లలోని కాయలు గట్టిగానే మిగిలిపోతాయి. అక్టోబరులో వాన పడితే కొన్ని పగులుతాయి. చల్లని సముద్ర తీరంలో ఉన్నవారికి నేను దీనిని సూచించను. వేసవి దీర్ఘంగా, వేడిగా ఉండే చోట, ఎండను తిరిగి విసిరే గోడ పక్కన పెట్టినవారికే ఫలితం ఉంటుంది.

నాలుగో ఏట ఒక కొమ్మ పూర్తిగా ఆకుపచ్చ కాయలు కాసింది. ఈ చారలు ఒకే మొక్కలో రెండు రకాల కణజాలం కలిసి ఉండడం వల్ల ఏర్పడినవి కాబట్టి, ఇలా వెనక్కి మళ్లడం అసాధారణం కాదు. ఆ కొమ్మను మొదలంటా తీసేశాను. అప్పటినుంచి శీతకాలపు కత్తిరింపులో స్నేహితులకు నాటుకోవడానికి ముక్కలు ఇచ్చేటప్పుడు, చార స్పష్టంగా కనిపించే కొమ్మనే ఎంచి ఇస్తున్నాను.