జెడ్6 మార్క్ 2 కొన్నాక డి750ని ఎందుకు ఉంచుకున్నాను, డి90ని ఎందుకు ఇచ్చేశాను

కొత్త కెమెరా కొన్నామని తెలియగానే స్నేహితులు వేసే మొదటి ప్రశ్న "మరి పాతది అమ్మేశావా?" అని. నేను నికాన్ జెడ్6 మార్క్ 2 (లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా) కొని కొన్నేళ్లయింది. 2014 మోడల్ డి750 (లోపల అద్దమున్న డీఎస్ఎల్ఆర్ కెమెరా) ఇంకా నా దగ్గరే ఉంది, నెలనెలా పనిచేస్తూనే ఉంది. అంతకన్నా పాతది డి90 ఇంట్లోంచి వెళ్లిపోయింది. పాత లెన్సుల్లో ఒకటి అమ్మాను, రెండు ఉంచుకున్నాను. ఇన్నాళ్లు వాడాక నా అభిప్రాయం గట్టిపడింది: పాత బాడీని, అంటే లెన్సు కాక మిగిలిన కెమెరాను, అమ్మాలా ఉంచాలా అన్నది తేల్చేవి మన లెన్సులే. బాడీ ఎంత పాతది, ఎన్ని మెగాపిక్సెళ్లు అన్నవి ఆ తర్వాతి మాటలు.

నా దగ్గర 85 ఎంఎం ఎఫ్/1.8డి, 180 ఎంఎం ఎఫ్/2.8డి లెన్సులు ఉన్నాయి (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది, వెనక అంత మసకబారుతుంది). ఈ 'డి' రకం లెన్సుల్లో ఫోకస్ మోటారు ఉండదు. కెమెరా మౌంటులో, అంటే లెన్సు తగిలించే చోట, స్క్రూడ్రైవర్ మొనలాంటి చిన్న కడ్డీ ఒకటి ఉంటుంది. బాడీలోని మోటారు దాన్ని తిప్పితే లెన్సు ఫోకస్ కదులుతుంది. డి750లో ఆ మోటారు ఉంది. జెడ్ కెమెరాలకు పాత లెన్సులు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో లేదు, తర్వాత వచ్చిన ఎఫ్‌టీజెడ్ 2లోనూ లేదు. కాబట్టి ఈ రెండు లెన్సులూ జెడ్6 మార్క్ 2 మీద ఎక్కుతాయి, ఎక్స్‌పోజర్ సరిగ్గా వస్తుంది, బాడీలోని స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) కూడా అందుతుంది. ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. కదలకుండా కూర్చున్న తాతగారిని తీయడానికి అది చాలు. పందిట్లో పరుగెత్తే పిల్లలను తీయడానికి చాలదు.

180 ఎంఎం డి లెన్సును దాని వెల చూసి అంచనా వేయకండి. ఎఫ్/2.8 దగ్గర ముఖం మీద పడే స్పష్టత, వెనక కరిగిపోయే దీపాల వరుస నాకు ఇప్పటికీ తనివి తీరనివి. ఆ నాణ్యత జెడ్ మౌంటులో కావాలంటే 70-200 ఎఫ్/2.8 కొనాలి, దాని ధరకు నా దగ్గరున్న సామానంతా అమ్మినా సరిపోదు. డి750ని అమ్మడమంటే ఈ రెండు లెన్సులకూ సగం ప్రాణం తీయడమే. లెక్క అక్కడే తేలిపోయింది.

అదే మీ లెన్సులన్నీ ఏఎఫ్-ఎస్ రకమైతే, అంటే మోటారు లెన్సులోనే ఉంటే, నా సలహా పూర్తిగా వేరు. అవి ఎఫ్‌టీజెడ్‌తో జెడ్ బాడీ మీద చక్కగా ఆటోఫోకస్ అవుతాయి. డి3000, డి5000 వరుసల కెమెరాల్లోనైతే అసలు బాడీలో మోటారే ఉండదు, కాబట్టి ఈ కారణంతో వాటిని దాచుకోనక్కర్లేదు. కొత్తది చేతికి అలవాటైన వెంటనే అమ్మేయండి. ఆలస్యమయ్యే కొద్దీ బాడీ ధర పడిపోతుంది, లెన్సు ధర అంత త్వరగా పడదు.

బొమ్మ నాణ్యత సంగతి. డి750ది 24.3 మెగాపిక్సెళ్లు, జెడ్6 మార్క్ 2ది 24.5. ఐఎస్ఓ 100 (ఐఎస్ఓ అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) దగ్గర తీసిన రా ఫైళ్లను, అంటే కెమెరా ఇచ్చే ముడి ఫైళ్లను, పక్కపక్కన పెట్టి చీకటి భాగాలను వెలిగించి చూశాను. ఏది దేనిదో చెప్పమంటే నేను చెప్పలేను. డి750 ఫైలు పొడవు 6016 పిక్సెళ్లు, అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది. మన పెళ్లి ఆల్బమ్ షీటు 12x36 అనుకున్నా, అందులో ఒక్క ఫొటోయే మొత్తం పరుచుకునేది అరుదు. నాణ్యత పెరుగుతుందని 24 నుంచి 24కి మారేవాళ్లు నిరాశపడతారు.

కొత్తదాని మేలు వేరేచోట ఉంది. డి750లో 51 ఫోకస్ పాయింట్లూ ఫ్రేము నడుమ గుంపుగా ఉంటాయి. అంచున ఉన్న కంటి మీద ఫోకస్ పెట్టాలంటే ముందు ఫోకస్ పట్టి తర్వాత ఫ్రేము జరుపుకోవాలి, ఎఫ్/1.8లో ఆ కాస్త కదలికకే కన్ను మసకబారుతుంది. జెడ్6 మార్క్ 2 దాదాపు ఫ్రేము అంచుల దాకా కంటిని వెంటాడుతుంది. పైగా సెన్సార్ మీదే ఫోకస్ చూసుకుంటుంది కాబట్టి లెన్సు లెన్సుకూ ఫోకస్‌ను ఫైన్ ట్యూన్ చేసుకునే (కొద్దికొద్దిగా సవరించుకునే) బాధ పోయింది. చప్పుడు లేని షట్టర్ ఇంకో వరం. మంత్రాలు చదువుతున్నప్పుడు, కూచిపూడి వేదిక ముందు మొదటి వరసలో కూర్చున్నప్పుడు డి750 అద్దం చప్పుడు నాకే ఇబ్బందిగా ఉండేది. ఒక్క జాగ్రత్త: ఎల్ఈడీ లైట్ల కింద ఆ నిశ్శబ్ద షట్టర్ వాడితే బొమ్మ మీద చారలు పడతాయి. ఫంక్షన్ హాళ్లలో నేను మెకానికల్ షట్టరే వాడతాను.

ఇక రెండు బాడీలు కలిపి వాడే సంగతి, నా మటుకు అసలు విలువ ఇక్కడే. బంధువుల పెళ్లిళ్లలో జెడ్6 మార్క్ 2కి 24-70 ఎఫ్/4 ఎస్, డి750కి 85 డి తగిలించి రెండు భుజాలకూ వేసుకుంటాను. అడ్డుతెర దించే క్షణం, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం లెన్సు మార్చుకునేదాకా ఆగవు. మండపం మొత్తం ఒకదాంతో తీసి, రెండో చేత్తో పెళ్లికూతురి ముఖం పట్టుకోగలగడం ఏ కొత్త ఫీచరూ ఇవ్వలేని సౌకర్యం. ఒక కార్డు పాడైనా, ఒక బాడీ మొరాయించినా పెళ్లి ఆగదన్న నిశ్చింత కూడా ఉంది.

అయితే దానికి కొంచెం తయారీ కావాలి. రెండు కెమెరాల గడియారాలూ సెకనుతో సహా కలపాలి, లేకపోతే కంప్యూటర్లో ఫైళ్లు సమయం ప్రకారం పేర్చినప్పుడు తలంబ్రాలు మాంగల్యధారణ కంటే ముందు వచ్చేస్తాయి. ఆటో వైట్ బ్యాలెన్స్‌ను, అంటే వెలుతురును బట్టి రంగులను కెమెరాయే సర్దడాన్ని, నమ్మకూడదు. పసుపు బట్టలు, పసుపు దీపాలు, పసుపు రాసిన ముఖాలు ఉన్నచోట రెండు కెమెరాలూ రెండు రకాలుగా ఆలోచిస్తాయి. నేను రెండింట్లోనూ ఒకే కెల్విన్ అంకె (వెలుతురు రంగుకు కొలత) పెట్టేస్తాను, తేడా ఏమైనా మిగిలితే ఎడిటింగ్‌లో ఒకేసారి సరిదిద్దుతాను. ఐఎస్ఓ బటన్ డి750లో తెర పక్కన ఎడమవైపు, జెడ్6 మార్క్ 2లో పైన షట్టర్ బటన్ దగ్గర ఉంటుంది. మొదట్లో వేళ్లు తికమక పడ్డాయి, వాడగా వాడగా సర్దుకున్నాయి.

బ్యాటరీ కలిసొచ్చిన సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రెండూ ఈఎన్-ఈఎల్15 కుటుంబమే. డి750 పాత బ్యాటరీలు కొత్తదాంట్లో పనిచేస్తాయి, యూఎస్‌బీ ద్వారా ఛార్జింగ్ మాత్రం కొత్త రకాలకే. కంపెనీ లెక్క ప్రకారం డి750 ఒక ఛార్జికి 1230 ఫొటోలు తీస్తుంది, జెడ్6 మార్క్ 2 అందులో సగం కూడా తీయదు. సాయంత్రానికి కొత్తది నీరసిస్తే పాతదాని బ్యాటరీ తీసి అందులో వేస్తాను. ఒకే ఛార్జరు, ఒకే రకం బ్యాటరీ అన్నది పాత బాడీని ఉంచుకోవడానికి గట్టి కారణమని వాడాకే తెలిసింది.

డి90 విషయంలో ఈ కారణాలేవీ లేవు. దాంట్లోనూ ఫోకస్ మోటారు ఉంది, కానీ ఆ పని డి750 చేస్తూనే ఉంది. బ్యాటరీ వేరే రకం, ఛార్జరు వేరు, కార్డు 32 జీబీకి మించి ఒప్పుకోదు. 2008లో వచ్చినప్పుడు అది వీడియో తీసిన మొట్టమొదటి డీఎస్ఎల్ఆర్, చరిత్రలో దానికో చోటుంది. 12.3 మెగాపిక్సెళ్లతో పగటి వెలుతురులో ఇప్పటికీ ముచ్చటైన బొమ్మ ఇస్తుంది. అమ్ముదామని కనుక్కుంటే ఏడెనిమిది వేలకు మించి ఎవరూ పలకలేదు. ఆ డబ్బుతో నాకొచ్చేదేమీ లేదనిపించి, 35 ఎంఎం ఎఫ్/1.8 జి లెన్సుతో సహా మా అక్క కూతురికి ఇచ్చాను. వారం తిరక్కుండానే ఫోన్ చేసి "మావయ్యా, వెనక మసకగా రావాలంటే ఏ నంబరు తగ్గించాలి?" అని అడిగింది. నేర్చుకునేవాళ్లకు రెండు డయళ్లున్న పాత కెమెరా కంటే మంచిది నాకు తెలియదు.

అమ్మింది 24-120 ఎఫ్/4 లెన్సు. అడాప్టర్‌తో కలిపి ముందుకు బరువు లాగేది, ఆ పనంతా 24-70 ఎస్ తేలిగ్గా చేస్తోంది. కొనడానికి వచ్చినాయన ఫోన్ టార్చి లెన్సులోకి వేసి ఫంగస్ ఉందేమోనని చాలాసేపు చూశాడు. అలా చూసేవాడికే అమ్మాలి, తర్వాత గొడవ ఉండదు. బిల్లు, డబ్బా, హుడ్ ఉంటే ధర నిలబడుతుంది. బాడీ అమ్మేటప్పుడు కార్డు తీసి, మెనూలో కాపీరైట్ పేరు చెరిపి, సెట్టింగులు రీసెట్ చేయండి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఫొటో ఫైలులోనే ఉంటుంది, దాన్ని ముందే చెప్పేయడం మర్యాద. డబ్బు అందుకోవడానికి క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమనేవాడు దొంగ, యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

ఉంచుకోవడం ఊరికే కుదరదు. మాది కాకినాడ, సముద్రపు తేమ. బీరువాలో బట్టల మధ్య, తోలు సంచిలో పెట్టిన లెన్సుకు వానాకాలం దాటేసరికి బూజు పట్టడం ఇక్కడ మామూలే, ఒకసారి అది లెన్సు అద్దం మీది పూతను తినేశాక శుభ్రం చేసినా మచ్చ పోదు. తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ కొన్నాను. అంత ఖర్చు వద్దనుకుంటే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు చాలు. జెల్ రంగు మారగానే ఆరబెట్టాలి. బ్యాటరీ తీసేసి నెలల తరబడి వదిలేస్తే లోపలి గడియారం బ్యాటరీ కూడా అయిపోయి 'క్లాక్' అని మెరుస్తుంది. పనిలేని నెలల్లో కూడా డి750 తీసుకుని కోరింగ మడ అడవుల దాకా వెళ్లి వస్తాను. ఎండలో ఆ అద్దపు వ్యూఫైండర్‌లోంచి కొంగలను చూడటం నాకు ఎలక్ట్రానిక్ తెరకంటే ఇప్పటికీ ఇష్టం. ఇంత శ్రద్ధ పెట్టే ఓపిక లేకపోతే, దయచేసి ఫంగస్ పట్టకముందే ఎవరికైనా ఇచ్చేయండి.

డి750 షట్టర్‌కు కంపెనీ చెప్పిన ఆయుష్షు 1,50,000 క్లిక్కులు. నాది లక్ష దాటింది. షట్టర్ పోయిన రోజున, మార్పించే ఖర్చు అప్పటి సెకండ్ హ్యాండ్ డి750 ధరలో సగం దాటితే మార్పించను. ఆ ధరకు ఇంకో వాడిన డి750 వెతుకుతాను. అదీ దొరక్కపోతే 85 డి, 180 డి రెండింటినీ మోటారున్న బాడీ వాడేవాళ్లకే అమ్ముతాను.